ఒంటిగంట రంగు

ఆడవాళ్ల బ్యాచ్‌లో ఎవరు ముందొస్తే వాళ్లే బకెట్ పట్టుకోవాలి. ఎవరూ ఎక్కడా రాయని నియమం ఇది. బట్టలు మార్చుకునే గది గుమ్మంలో నిలబడి, చెయ్యి చాచినంత దూరం మగ్గుతో నీళ్లు చల్లి, తడిసిన చోట కాలు పెట్టి, అక్కణ్ణుంచి మళ్లీ చల్లి, మళ్లీ అడుగేసి, ఈత కొలను మెట్ల దాకా ఒక తడి బాట వెయ్యాలి. వెనకొచ్చేవాళ్లు ఆ బాట ఆరిపోయేలోపు మునివేళ్ల మీద పరుగెత్తాలి. పొరపాటున కాలు పక్క బండ మీద పడిందా, ఇక ఆ కేక వీధి చివరి దాకా వినిపిస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం వెనక్కి తిరిగి చూడడు. ఆడవాళ్ల టైమ్ మొదలవగానే కుర్చీని రోడ్డు వైపుకి తిప్పుకుని కూర్చుంటాడు. ఆ గంటలో కొలను దగ్గరికి మగవాళ్లెవరూ రాకూడదు. అది మాత్రం రాసిన నియమమే, గేటు మీద ఎర్రక్షరాలతో ఉంది.

ఆ గంట మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుంది. పొద్దున్నయితే తూర్పు గోడ నీడ కొలను మీద పడుతుంది. సాయంత్రం పక్కనున్న మేడ నీడ పడుతుంది. ఒంటిగంటకు గోడ వారన బెత్తెడు తప్ప నీడ అన్న మాటే ఉండదు. కొలను ఖాళీగా ఉండే వేళ అదొక్కటే కాబట్టి ఆడవాళ్లకు అదే దక్కింది.

కోచ్ మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కనుక ఆమెను అందరూ ఈలమ్మ అంటారు. గట్టు మీద చెప్పులు నిషేధం, కోచ్‌కి కూడా. ఈలమ్మ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, ఉండుండి తన పాదాల మీద తనే నీళ్లు పోసుకుంటూ పాఠం చెబుతుంది. దూరం నుంచి చూస్తే ఏదో నాట్యం నేర్పుతోంది అనుకోవాలి.

"కోచ్ గారూ, చచ్చేలా ఉన్నాను, కాస్త ఆగండి," అంది కడ్డీ పట్టుకుని నీళ్లలో నిలబడ్డ పెద్దావిడ.

ఆ పెద్దావిడ ఈలమ్మకు సొంత అత్తగారు. మోకాళ్ల నొప్పులకు నీళ్లలో నడవమని డాక్టర్ చెప్పాడు. ఇంట్లో 'అమ్మాయ్' అని పిలిచే కోడల్ని గేటు దాటగానే 'కోచ్ గారూ' అంటుంది. కోడలు కూడా తక్కువ తినలేదు, గేటు దాటగానే ఆమెను 'మేడమ్' అంటుంది. ఇద్దరికీ అదొక సరదా. ఇంటి గొడవలు గేటు బయట చెప్పులతో పాటు విడిచి రావాలని వాళ్లు పెట్టుకున్న ఒప్పందం కూడాను.

"ఆగి ఎంతసేపయిందో చూశారా మేడమ్? కడ్డీ వదలండి ముందు."

"వదలనా, చచ్చిపోనా? పరుగెత్తుకొచ్చిన ఆయాసమే ఇంకా తీరలేదు. అరికాళ్లు చూడు, కందిపోయి ఎలా ఉన్నాయో. అవి చల్లబడేసరికి నీ గంట అయిపోతుంది."

ఈలమ్మ నవ్వింది గానీ మనసులో కలుక్కుమంది. ఆ మాట నిజం. సగం సమయం పరుగుకూ ఆయాసానికీ పోతోంది. ఎండలు ముదిరాక ఒక్కొక్కరే మానేస్తున్నారు. ఇంకొందరు తగ్గితే ఆ గంటను పోటీ జట్టుకు ఇచ్చేస్తామని సెక్రటరీ అప్పుడే ఒకసారి అన్నాడు. ఈ బ్యాచ్ కోసం ఆమె గడపగడపకీ తిరిగింది. నీళ్లంటే భయపడే ఆడవాళ్లను బతిమాలి, బుజ్జగించి దింపింది. అది తన కళ్ల ముందే ఆవిరైపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు.

అప్పుడే రాత్రి డ్యూటీ దిగి, ఓ కునుకు తీసి వచ్చిన నర్సు తడి బాట మీద గెంతుతూ వచ్చి దభాలున నీళ్లలో దూకింది.

"ఈలమ్మా, విన్నావా? ఈ బండలు పీకేస్తారట! ఆఫీసు వరండాలో కొత్త పలకలు పెట్టారు. చూసొచ్చాను, అచ్చం చెక్కలాగే ఉన్నాయి."

కొలనులో ఉన్నవాళ్లంతా ఒక్కసారి కేరింతలు కొట్టారు. ఈ బండల పీడ విరగడైతే చాలు అనుకున్నారు. ఈలమ్మ కూడా అనుకుంది. సాయంత్రం దాకా.

*

సాయంత్రం ఆఫీసులో ఏసీ చల్లగా వీస్తోంది. ప్రెసిడెంట్ గారు అప్పుడే కొలనులోంచి వచ్చి తల తుడుచుకుంటున్నారు. ఊళ్లో పెద్ద మందుల షాపు ఆయనది. భారీ మనిషి. నీళ్లలో వెల్లకిలా తేలడంలో ఆయన్ని మించినవాడు లేడు. పొద్దున గంటసేపూ సాయంత్రం కాసేపూ ఆకాశం చూస్తూ తేలకపోతే ఆయనకు రోజు గడవదు. మనిషి మంచివాడే. మంచివాడు కావడం వల్లే ఆయనతో పోట్లాడటం కష్టం.

"రా అమ్మా, సరైన టైమ్‌కి వచ్చావు. రంగు తేల్చేశాం," అన్నారు సంబరంగా.

బల్ల మీద అయిదు పలకల ముక్కలు వరసగా ఉన్నాయి. రంపపు పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి కరగబోసి తీసిన డెక్ పలకలు అవి. చెక్కలా కనిపిస్తాయి, చెక్కలా పుచ్చిపోవు. ఒకటి కాఫీ గింజల రంగు, ఒకటి టేకు రంగు, ఒకటి ఇటుక రంగు, ఒకటి బూడిద రంగు, ఆఖరిది ఇసుక రంగు.

"కాఫీ రంగు ఖాయం చేశాం," అన్నాడు సెక్రటరీ. బక్కపలచటి మనిషి. కొలను సొంత ఇల్లయినట్టూ, సభ్యులంతా అద్దెకున్నవాళ్లయినట్టూ కనిపెట్టుకుని ఉంటాడు. "మురికి కనపడదు. కొత్త గేటుకి కూడా మ్యాచ్ అవుతుంది."

"సార్, నల్లగా ఉంటే కాళ్లు కాలిపోతాయి కదా!"

ప్రెసిడెంట్ గారు ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు నవ్వారు. "అది నాకు తట్టలేదనుకున్నావా? పరీక్ష పెట్టాం తల్లీ! పొద్దున ఆరున్నరకి అయిదు రంగుల పలకలూ గట్టు మీద వేయించి సభ్యులందర్నీ ఉత్తకాళ్లతో నడిపించాను. ఒక్కొక్కర్నీ అడిగాను. అన్నీ ఒకలాగే ఉన్నాయన్నారు. వేడిలో తేడా లేనప్పుడు అందంగా ఉన్నది వేసుకుంటే పోలేదా? ఓటు కూడా వేయించాను. నేనొక్కణ్నే తేల్చలేదమ్మా."

ఆయన కాఫీ రంగు పలక మీద అరచెయ్యి ఆనించి, ఆమెనూ ఆనించమన్నారు. ఏసీ గదిలో రోజంతా పడున్న పలక చల్లగా, నున్నగా, అమాయకంగా ఉంది.

ఈలమ్మ పలక మీంచి చెయ్యి తీసేసింది. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. నిజాయితీగా పరీక్ష పెట్టారు, నిజాయితీగా ఓటు వేశారు. కాకపోతే కొలను అంటే వాళ్లకు ఆరున్నర కొలను. ఒంటిగంట కొలను ఎలా ఉంటుందో ఈ గదిలో ఒక్కరూ ఎన్నడూ చూడలేదు.

"సార్, ఒక్కసారి ఒంటిగంటకి వచ్చి చూడండి," అంది.

సెక్రటరీ కుర్చీలో నిటారుగా అయ్యాడు. "బాగుందమ్మా! ఆడవాళ్ల టైమ్‌లో మేమెలా వస్తాం? గేటు మీద ఎర్రక్షరాలు పట్టుబట్టి రాయించింది మీరే కదా? నేను కూడా ఆ గంటలో గుమ్మం తొక్కను. అది మర్యాద."

అదీ నిజమే. ఆ నియమం లేకపోతే సగం మంది ఆడవాళ్లు వచ్చేవాళ్లే కాదు. ఆ నియమం ఉండబట్టే ఆ ఎండను చూసినవాళ్లు లేకుండా పోయారు. తను కట్టించిన గోడకే తన తల తగిలినట్టయింది ఆమెకు.

"పోనీ, వరండాలో ఉన్న పలకలు నాకివ్వండి సార్. రేపు మా టైమ్‌లో మేం చూసుకుని చెబుతాం."

"తీసుకెళ్లమ్మా, దానికేం!" అన్నారు ప్రెసిడెంట్ గారు. "కానీ శుక్రవారం ఆర్డర్ వెళ్లిపోతుంది. ఈలోపు చెప్పు."

సెక్రటరీ పెదవి విరిచాడు. "ఆ బ్యాచ్‌లో ఎంతమంది మిగిలారని? వాళ్ల కోసం రంగు మారిస్తే లేతరంగు పలక రోజూ కడగాల్సింది ఎవరు?"

"మేం కడుగుతాం," అంది ఈలమ్మ.

*

మర్నాడు ఆమె ముందే వచ్చి పలకలు గట్టు మీద పరిచింది. వరండాలో పెట్టినవి, ఒక్కొక్క రంగులో మూడేసి పలకలు. వాటిని ఎలా అమర్చాలో పలకల షాపతను పొద్దున్నే ఫోన్‌లో చెప్పాడు. పలకకీ పలకకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు వదలాలట. ఎండకు పలక సాగుతుందట, సందు లేకపోతే ఉబ్బి లేస్తుందట. పైగా నీళ్లు నిలవకుండా ఆ సందుల్లోంచి కిందికి పోతాయట. మనిషి మాట్లాడిన తీరు చూస్తే పలకల గురించి కాదు, పెళ్లికెదిగిన కూతుళ్ల గురించి చెబుతున్నంత మురిపెంగా ఉంది. ఏ రంగు మంచిదండీ అని అడిగితే, అన్నీ మంచివేనమ్మా అన్నాడు. ఎండకేది మంచిది అంటే కాస్త తటపటాయించి, "లేతరంగు నయం. అయితే ఎండ ఎండేనమ్మా. చల్లగా ఉంటుందని నేను చెప్పను," అన్నాడు. ఆ రెండో మాటను ఆమె అప్పుడు చెవిలో వేసుకోలేదు.

ఒంటిగంటకు ఆడవాళ్లంతా గుమ్మంలో గుంపుగా చేరారు. అందరికంటే ముందు అత్తగారు తడి బాట మీదుగా వచ్చి కాఫీ రంగు పలక మీద బొటనవేలు ఆనించి, చటుక్కున లాక్కుంది.

"అమ్మ బాబోయ్! రొట్టెలు కాల్చుకోవచ్చు దీని మీద!"

టేకు రంగూ అంతే. ఇటుక రంగు మీద నర్సు రెండడుగులు వేసి మూడోది వెయ్యలేకపోయింది. బూడిద రంగు చూడటానికి సాధువులా ఉంది గానీ అదీ కాల్చింది. చివరికి ఇసుక రంగు. నర్సు జాగ్రత్తగా ఒక కాలు పెట్టింది, రెండో కాలు కూడా పెట్టింది. పెట్టి నిలబడింది.

"పర్లేదే! పర్లేదు ఈలమ్మా! మన బండల కన్నా ఇదే నయం!"

గుమ్మంలో చప్పట్లు మోగాయి. ఈలమ్మకు గుండె తేలికపడింది. శుక్రవారం చెప్పాల్సిన మాట నోట్లో సిద్ధమైపోయింది. ఇసుక రంగు. అంతే. ఇంతోటి దానికి రాత్రంతా నిద్ర పాడుచేసుకున్నాను అనుకుంది.

నర్సు ఇంకా ఆ పలక మీదే నిలబడి ఉంది. కాసేపటికి కాలు మార్చింది. మళ్లీ మార్చింది. అలవాటు కొద్దీ మగ్గు అందుకుని కాళ్ల ముందు నీళ్లు చల్లింది. నీళ్లు పలక మీద పడి, సందులు వెతుక్కుని, బుడబుడమంటూ కిందికి దిగిపోయాయి. పైన మిగిలిన కాస్త చెమ్మా వాళ్లు చూస్తుండగానే ఎగిరిపోయింది. ఇంకో మగ్గు పోసింది. అదీ అంతే.

పాత బండలు ఎంత పాపిష్టివైనా నీళ్లు పట్టి ఉంచేవి. గుంటలు పడిన చోట చిన్న చిన్న మడుగులు నిలిచేవి. ఇన్నాళ్లూ వాళ్లు కొలను దాకా వెళ్లగలిగింది ఆ గుంటల పుణ్యాన. ఈ పలకల మీద తడి బాట నిలవదు. గుమ్మం నుంచి మెట్ల దాకా ఉన్న దూరం అంతా పొడి పలక మీదే పరుగెత్తాలి. కుర్రవాళ్లయితే పరుగెత్తుతారేమో. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పరుగెత్తలేరు.

నర్సు గెంతుకుంటూ వచ్చి నీళ్లలో పడింది. "పోన్లే, ఏదో ఒకటి," అంది గానీ ఆ గొంతులో ఇందాకటి హుషారు లేదు.

*

ఇంటికొచ్చాక అత్తాకోడళ్లిద్దరూ పెరటి గుమ్మంలో కూర్చుని ఒకే బేసిన్‌లో కాళ్లు పెట్టుకున్నారు. చల్లటి నీళ్లు, నాలుగు పాదాలు. పెద్దావిడ పాదాలు ఎర్రగా ఉన్నాయి, కోడలివి నల్లగా మందం కట్టి ఉన్నాయి.

"ఇసుక రంగు అడుగుతావా అమ్మాయ్?"

"అడుగుతాను."

"ఇస్తారా?"

"ఇచ్చేలాగే ఉన్నారు."

"ఇచ్చాక నేను రాలేను."

ఈలమ్మ బేసిన్‌లో కాళ్లు కదిలించింది. ఆ మాట ఎవరు ముందంటారా అని మధ్యాహ్నం నుంచీ భయపడుతూనే ఉంది.

"నేనొక్కదాన్నే కాదు," అంది అత్తగారు. "ఆ చివర నిలబడే లావుపాటావిడ వల్లా కాదు, కుంటి కాలావిడ వల్లా కాదు. మేం రాకపోతే మీ సెక్రటరీ చంకలు గుద్దుకుంటాడు. అడిగారు, ఇచ్చాం, అయినా రాలేదు అంటాడు. నువ్వు గెలిచి మరీ ఓడిపోతావు."

"మరి ఏం చెయ్యమంటారు అత్తయ్యా? పందిరి వెయ్యమని అడిగితే ఈ జన్మలో వెయ్యరు. కాస్త అడిగితే ఇస్తారు, ఇంకాస్త అడిగితే ఉన్నది కూడా ఊడబెరుకుతారు. వాళ్లకి అసలు అర్థమయితే కదా!"

"చూడనివాళ్లకి ఎలా అర్థమవుతుంది?"

"చూడటానికి రాలేరుగా. రూల్."

"రూల్ ఎవరి కోసం?"

"మీ కోసం."

"మా కోసమైతే మేం పిలవకూడదా?" అత్తగారు బేసిన్‌లోంచి ఒక కాలు తీసి చీర కుచ్చెళ్లతో తుడుచుకుంది. "ఒక్కరోజు నీళ్లలో దిగం. అందరం చక్కగా చీరలు కట్టుకుని గోడ పక్కన చాపలు వేసుకుని కూర్చుంటాం. మా గంటకి వాళ్లని పిలుస్తాం. మన ఇంటికి చుట్టాలు వస్తే గదిలో మంచం సర్దుకోమూ? అలాగే ఇదీ. వాచ్‌మన్‌ని కూడా ఒకసారి ఇటు తిరగమను, పాపం మెడ పట్టేసి ఉంటుంది."

ఈలమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లలో నీళ్లు తెచ్చుకుంది. పెళ్లయిన కొత్తలో ఈవిడ నోటికి జడిసి వంటింట్లోంచి బయటికొచ్చేది కాదు. ఇప్పుడు ఆ నోరే కావాలనిపించింది.

*

శుక్రవారం ఒంటిగంటకు ప్రెసిడెంట్ గారూ సెక్రటరీ గేటు దగ్గర ఇబ్బందిగా నిలబడ్డారు, పిలవని పేరంటానికి వచ్చినట్టు. నర్సు ఎదురెళ్లి రమ్మంది. చెప్పులు విడవమని గుర్తు చేసింది.

సెక్రటరీ చెప్పులు విడిచి, మామూలుగా, ఆరున్నరకి నడిచినట్టే నడుచుకుంటూ గట్టు మీదికి వచ్చాడు. రెండో అడుగు దగ్గర అతని మొహం మారింది. మూడో అడుగుకి కాళ్లు అతని మాట వినలేదు. మర్యాదస్తుడు కాబట్టి అరవలేదు. నోరు గట్టిగా బిగించుకుని, పంచె ఎగ్గట్టి, గెంతుతూ వెళ్లి గోడ వారన బెత్తెడు వెడల్పు నీడలో ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆడవాళ్లెవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో ఆ తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

ప్రెసిడెంట్ గారు భారీ మనిషి కదా, గెంతలేకపోయారు. అయ్యయ్యో అంటూ దగ్గర్లో ఉన్న కాఫీ రంగు పలక మీదికి ఎక్కారు. ఎక్కినంత వేగంగానే దిగారు. ఈలమ్మ చెయ్యి అందించి ఆయన్ని ఇసుక రంగు పలకల మీదికి చేర్చింది. అక్కడ ఆయన మొహం విప్పారింది.

"హమ్మయ్య! ఇది బాగుంది. ఇది చల్లగా ఉంది!" అన్నారు. "అమ్మా, నువ్వన్నది నిజం. మా ఓటు తప్పు. ఇసుక రంగే వేయిద్దాం. ఏమయ్యా సెక్రటరీ?"

"వేయిద్దాం సార్," అన్నాడు సెక్రటరీ నీడలోంచే. ఆ మాట అనేసి తొందరగా బయటపడాలన్నది అతని ఆత్రం.

గోడ పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఈలమ్మ వైపు చూశారు. ఆమె అడగాలనుకున్నది అడక్కుండానే దొరికింది. ఇక్కడ నమస్కారం పెట్టేస్తే గెలిచినట్టే. సరేనండీ అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. అత్తగారు తన పాదాలను చీర కింద దాచుకుంది. ఈలమ్మ ఆ పాదాల వైపే చూసింది.

"సార్, అక్కడే కాసేపు నిలబడతారా? మెట్ల దగ్గర తన వంతు వచ్చేదాకా మా మేడమ్ నిలబడేంతసేపు. ఎక్కువేం కాదు."

"అలాగే నిలబడతాను," అన్నారాయన ఉదారంగా.

నిలబడ్డారు. మొదట ఆకాశం చూశారు. ఈ మధ్య మందుల షాపుకు వచ్చిన ఎవరి గురించో ఒక సరదా విషయం మొదలుపెట్టారు. సగంలో ఆపారు. కుడికాలి బరువు ఎడమకాలి మీదికి మార్చారు. నుదురు తుడుచుకున్నారు. మళ్లీ కాలు మార్చారు. నర్సు మర్యాదగా మగ్గు అందించింది. ఆయన పాదాల మీద పోసుకున్నారు. నీళ్లు సందుల్లోంచి బుడబుడమంటూ కిందికి పోయాయి. ఆయన వంగి ఆ సందుల్లోకి చూశారు, పారేసుకున్న వస్తువేదో వెతుకుతున్నట్టు.

"వేడెక్కుతోందమ్మా," అన్నారు మెల్లగా.

"అవును సార్. నల్లవాటి కన్నా నయం, అంతే. ఎండ ఎండే."

"మరి రంగు మార్చి ఏం లాభం?"

లాభం లేదని చెప్పడానికే ఈలమ్మ వాళ్లను పిలిపించినట్టయింది. ఆమె మొహం వాలిపోయింది. అప్పుడు అత్తగారు కూర్చున్న చోటు నుంచే, మందు సీసా ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"అయ్యా, నాకో సందేహం. మమ్మల్ని ఈ ఎండలో రమ్మన్నది ఎవరు?"

ప్రెసిడెంట్ గారు సెక్రటరీ వైపు తిరిగారు. "నిజమే. ఎవరయ్యా ఈ టైమ్ పెట్టింది?"

సెక్రటరీ గోడకు ఇంకాస్త అతుక్కుని, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "మీరే సార్. ఆ గంట ఎవరికీ వద్దు కదా, వాళ్లకిచ్చెయ్ అన్నారు."

ప్రెసిడెంట్ గారు ఆ పలకల మీదే నిలబడి ఉన్నారు, దిగలేదు. దిగమని ఈలమ్మ అంది. వినిపించుకోలేదు. ఆయన మొహం ఎర్రబడింది. అది ఎండ వల్లో మరెందువల్లో చెప్పడం కష్టం.

"పొద్దున ఏడున్నర గంట వీళ్లకివ్వు," అన్నారు చివరికి. "మన రెండో బ్యాచ్ మధ్యాహ్నానికి మారుతుంది."

"సార్! అది మన బ్యాచ్! సభ్యులు ఒప్పుకోరు!"

"ఒప్పుకోకపోతే ఇక్కడికొచ్చి నిలబడమను. నేను నిలబడ్డంతసేపు. ఆ తర్వాత ఓటు వెయ్యమను."

సెక్రటరీ గుటకలు మింగాడు. అతని కళ్లు గట్టు చివరి నుంచి చివరి దాకా పాకాయి. గుమ్మం నుంచి మెట్ల వరకూ ఎంత దూరం ఉందో మొదటిసారి చూస్తున్నవాడిలా కొలిచాడు. ఆ దూరంలో తన కాళ్లు ఎలా పరుగెత్తాలో కూడా లెక్క వేసుకున్నట్టే ఉంది.

"అయితే సార్," అన్నాడు, "మధ్యాహ్నం వచ్చేది మనమే కాబట్టి... ఇసుక రంగే వేయించాలి. కాఫీ రంగు వద్దే వద్దు. పైన పందిరి కూడా ఉంటే బాగుంటుందేమో."

"మురికి కనపడదా మరి?" అని అడిగింది నర్సు అమాయకంగా.

"కనపడితే కడుక్కుంటాం," అన్నాడు సెక్రటరీ.

ఈసారి మాత్రం ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ప్రెసిడెంట్ గారు కూడా నవ్వారు, నవ్వుతూనే గబగబా గుమ్మంలోకి పరుగెత్తారు. ఆ మనిషి పరుగెత్తడం అక్కడున్నవాళ్లెవరూ అంతకు ముందు చూడలేదు.

*

బండలు పీకి, పలకలు బిగించేసరికి ఎండాకాలం నడినెత్తికి వచ్చింది. మొదటిరోజు ఏడున్నరకి ఈలమ్మ గట్టు మీద నిలబడి చూసింది. తూర్పు గోడ నీడ కొలను సగం దాకా పరుచుకుని ఉంది. ఇసుక రంగు పలకలు అప్పుడే కడిగి ఆరబెట్టినట్టు ఉన్నాయి. మానేసినవాళ్లు కూడా చాలామంది తిరిగొచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీని రోడ్డు వైపుకి తిప్పుకున్నాడు.

బట్టల గది తలుపు తెరుచుకుంది. నర్సు బయటికొచ్చి, గుమ్మంలో బకెట్ కోసం వెతికి, లేకపోయేసరికి మునివేళ్ల మీద పరుగు లంకించుకుంది. ఆమె వెనక ఇంకొకరు పరుగెత్తారు. ఆ వెనక లావుపాటావిడ, కుంటి కాలావిడ, అందరూ. చల్లటి పలకల మీద, ఎవరూ తరమకపోయినా, చీమలు కుట్టినట్టు గెంతుతూ వచ్చి మెట్ల దగ్గర గుమిగూడారు. ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇన్నాళ్ల పరుగు కాళ్లకు అంత త్వరగా మరుపు రాలేదు. అది చూసి ఈలమ్మకు నవ్వొచ్చింది.

ఆఖరున అత్తగారు వచ్చింది. ఆవిడ కూడా నాలుగడుగులు పరుగెత్తింది. అయిదో అడుగు దగ్గర ఏదో అనుమానం వచ్చినదానిలా ఆగింది. కిందికి చూసుకుంది. ఒక పాదం పూర్తిగా ఆనించింది, మడమ కూడా. రెండో పాదమూ ఆనించింది. నడుం మీద చేతులు పెట్టుకుని గట్టు మధ్యలో అలాగే నిలబడిపోయింది.

"ఏమే," అంది మెట్ల దగ్గరున్న నర్సుతో, "ఎక్కడికే ఆ పరుగు? ఇటు రా, నీ మొగుడి ఉద్యోగం సంగతేమయింది? ఇన్నాళ్లూ అడగడానికి తీరిక దొరికితే కదా!"

నర్సు వెనక్కి వచ్చింది. లావుపాటావిడా వచ్చింది. ఒక్కొక్కరే మెట్లు వదిలి గట్టు మధ్యకు చేరారు. ఉత్తకాళ్లతో, ఏ తొందరా లేకుండా, ఆ కొలను గట్టు మీద మొట్టమొదటిసారి ఆడవాళ్లు నిలబడి కబుర్లు చెప్పుకున్నారు. ఒకావిడ ఏకంగా చతికిలబడింది.

ఈలమ్మ ఈల నోటి దగ్గరకు తీసుకుంది. పాఠం మొదలుపెట్టాల్సిన వేళ దాటుతోంది. అత్తగారు అది చూసి చెయ్యెత్తింది.

"కోచ్ గారూ, ఈల వేస్తున్నారా? వచ్చేస్తున్నాం. ఇవాళ కడ్డీ కూడా వదిలేస్తాను, చూసుకోండి!"

ఈలమ్మ ఈల కిందికి జార్చేసింది.

"తొందరేం లేదు అత్తయ్యా," అంది. "కాసేపు నిలబడండి."